బండెనక బండి కట్టి: పోరాటగీతం, ధ్వనిముద్రణ, పాఠస్థిరత - జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాట కాలంలో పుట్టిన ‘బండెనక బండి కట్టి’ పాట నేటి శ్రోతలకు ప్రధానంగా ‘మాభూమి’ సినిమా ద్వారా, గద్దర్ గొంతులో పరిచయం. సినిమాలో వినిపించే పాఠమే పాటకు మూలపాఠం అన్న భావన విమర్శలోనూ పరిశోధనలోనూ స్థిరపడింది. ధ్వనిముద్రణ ఈ పాటను కాపాడిన మాట వాస్తవం. అయితే అది కాపాడింది పాటకు ఉన్న అనేక స్థితుల్లో ఒక స్థితిని మాత్రమే. పాట నిర్మాణంలోని సంబోధన స్థానాన్ని, అందులోని స్థలనామాలను, 1978 నాటి జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల పరిస్థితిని ఆధారం చేసుకొని, ధ్వనిముద్రణ ఒక పోరాటగీతానికి ఏమి ఇస్తుంది, ఏమి తీసుకుంటుంది అన్న ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది. పోలిక కోసం అమెరికా పౌరహక్కుల ఉద్యమగీతం ‘వి షల్ ఓవర్‌కమ్’ చరిత్రను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పోరాటగీతం, ధ్వనిముద్రణ, పాఠాంతరం, సంబోధన, బండి యాదగిరి, గద్దర్, మాభూమి, జగిత్యాల జైత్రయాత్ర, కర్తృత్వం

1. ఉపోద్ఘాతం

మౌఖిక సాహిత్యాన్ని అధ్యయనం చేసేవారికి ధ్వనిముద్రణ ఒక వరం, ఒక చిక్కు కూడా. గాయకుడు గతించిన తర్వాతా గొంతును వినగలగడం వరం. విన్న ఆ ఒక్క గొంతునే పాట మొత్తంగా పొరబడటం చిక్కు. తాళపత్ర గ్రంథాల పరిష్కరణలో ఒక ప్రతిని మాత్రమే చూసి పాఠనిర్ణయం చేసిన పరిష్కర్తను పండితులు అంగీకరించరు. పాట విషయానికి వచ్చేసరికి ఆ జాగ్రత్త సడలుతుంది. చేతికి అందిన మొదటి ముద్రణే ప్రమాణమవుతుంది.

తెలుగులో జానపద గేయాలపై విశ్వవిద్యాలయ స్థాయి పరిశోధనకు బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ బాట వేసింది. తెలంగాణ రైతాంగ పోరాట ప్రజాసాహిత్యంపై జయధీర్ తిరుమలరావు చేసిన కృషి ఆ బాటను పోరాటగీతాల వైపు మళ్ళించింది. ఈ రెండు కృషులూ పాటను ప్రధానంగా అక్షరరూపంలోకి తెచ్చి చదివాయి. అక్షరానికీ ధ్వనికీ మధ్య నిలిచే సినిమా ధ్వనిపథం, క్యాసెట్, అంతర్జాల దృశ్యఖండం వంటి మాధ్యమాలు పాఠాన్ని ఎట్లా ప్రభావితం చేస్తాయన్నది ఇంకా విస్తృతంగా చర్చించవలసిన విషయం. ‘బండెనక బండి కట్టి’ అందుకు తగిన ఉదాహరణ.

ఈ చర్చకు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలను కేంద్రంగా తీసుకోవడానికి కారణం ఉంది. పాట పుట్టింది నల్లగొండ పోరాట వాతావరణంలో. అది సినిమాకు ఎక్కుతున్న కాలంలో భూమి, వెట్టి, గడీ సమస్యలు భగ్గుమంటున్నది మాత్రం ఉత్తర తెలంగాణలో. పుట్టిన చోటుకూ అవసరమైన చోటుకూ మధ్య ఉన్న ఈ దూరమే పాట స్వభావాన్ని పట్టి చూపుతుంది.

2. పాట నిర్మాణం: సంబోధన స్థానం

పాట పల్లవి నాలుగు చిన్న ఖండాలుగా సాగుతుంది. మొదటి రెండు ఖండాలు పునరుక్తితో ఒక దృశ్యాన్ని పేరుస్తాయి: బండి వెనక బండి, వరుసగా పదహారు బండ్లు. మూడవ ఖండం ప్రశ్న: ఏ బండిలో పోతావని. నాలుగవ ఖండం సంబోధన: ఆ ప్రశ్న ఎవరికో చెప్పే పిలుపు. చరణాల్లో దృశ్యాలు మారినా ముగింపు సంబోధన మారదు. ప్రతి చరణమూ తిరిగి తిరిగి నైజాం సర్కారును పేరు పెట్టి పిలిచి ఆగుతుంది.

ఈ సంబోధన స్వరూపం గమనించదగినది. ఒక రాజ్యాన్ని మనిషిగా మార్చి, ఏకవచనంలో, చిన్నవాడిని అదిలించినట్టు పిలవడం ఇందులో ఉంది. దొరను ‘నీ బాంచన్’ అని పలకరించవలసి వచ్చిన సమాజంలో రాజ్యాన్నే ‘కొడుకో’ అని పిలవడం వ్యాకరణపరమైన మార్పు మాత్రమే కాదు, సామాజిక సంబంధాల తలకిందులు. గౌరవవాచకం తొలగిన క్షణమే పాటలో మొదటి తిరుగుబాటు. ఆయుధాల ప్రస్తావన ఆ తర్వాతి మాట.

బండ్ల దృశ్యాన్ని కూడా వెట్టి వ్యవస్థ నేపథ్యంలో చదవవలసి ఉంటుంది. అధికారుల మజిలీలకు, దొరల ప్రయాణాలకు ఊరి రైతులు బండ్లూ ఎడ్లూ కూలి లేకుండా సమకూర్చవలసిరావడం తెలంగాణ వెట్టిలో ఒక భాగం. ఆజ్ఞ మీద కట్టిన బండ్లే ఈ పాటలో పాలకుడిని సాగనంపడానికి వరుసకట్టాయి. బండి అదే, ఎడ్లు అవే. కట్టే ఉద్దేశం మారింది. పాటలోని వ్యంగ్యానికి మూలం ఈ తిరగబాటులో ఉంది. పల్లవిని వేగానికి, ఊపుకు మాత్రమే సంబంధించినదిగా వినేవారికి ఈ వ్యంగ్యం అందదు.

భాషాపరంగా ‘బండి వెనుక’ అన్నది ‘బండెనక’గా మారడంలో పదాది వకారలోపం, సంధి రెండూ పలుకుబడిని అనుసరించాయి. సర్కారు, ఖిల్లా, గోరీ వంటి ఉర్దూ మాటలు, మిలిటరీ వంటి ఇంగ్లీషు మాట పల్లె నోటిలో కరిగి తెలుగు విభక్తులను ధరించాయి. రచయిత గ్రామీణుల తరఫున మాట్లాడటం లేదు, గ్రామీణుడిగానే మాట్లాడుతున్నాడు అనడానికి ఈ పదజాలమే సాక్ష్యం.

3. పాటలోని భూగోళం

పాట ఒక చరణంలో స్పష్టమైన పటాన్ని గీస్తుంది. చుట్టూ సూర్యాపేట, నడుమ నల్లగొండ, ఆవల పాలకుడు ఉండే హైదరాబాదు, దాని పక్కన గోలకొండ. గోలకొండ ఖిల్లా కింద పాలకుడికి గోరీ కడతామన్న హెచ్చరికతో ఆ పటం పూర్తవుతుంది. గ్రామం నుంచి రాజధాని దాకా సాగే ఈ గీతలో పోరాటం ఏ దిశగా కదులుతున్నదో కనిపిస్తుంది. మరో చరణంలో స్త్రీపురుషులు కలిసి వడిసెల రాళ్ళతో, కారం నీళ్ళతో మిలిటరీని తరిమిన దృశ్యం ఉంది. ఇంట్లో, చేనులో దొరికే వస్తువులే ఇక్కడ ఆయుధాలు.

ఈ పటంలో కరీంనగర్ లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అసలే లేవు. దీనిని బట్టి ఉత్తర తెలంగాణ ఆ పోరాటానికి వెలుపల ఉందనుకుంటే అది చరిత్రకు విరుద్ధం. 1947 సెప్టెంబర్ 11న సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో రావి నారాయణరెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్‌లతోపాటు బద్దం ఎల్లారెడ్డి ఉన్నారు. ఎల్లారెడ్డి స్వగ్రామం గాలిపల్లి నేటి రాజన్న సిరిసిల్ల జిల్లాలోనిది. కరీంనగర్ ప్రాంత దళనాయకుడు అనభేరి ప్రభాకరరావు 1948 మార్చి 14న మహమ్మదాపూర్ వద్ద జరిగిన కాల్పుల్లో నేలకొరిగారు. కనుక పాటలో ఈ ప్రాంతం పేరు లేకపోవడం చారిత్రక మౌనం కాదు. అది పాట పుట్టిన స్థలానికి గుర్తు మాత్రమే.

అయితే స్థలనామాలతో ఇంతగా ముడిపడిన పాట మరో ప్రాంతానికి ఎట్లా ప్రయాణించగలిగింది? సమాధానం సంబోధన స్థానంలోనే ఉంది. చరణాల్లోని ఊర్ల పేర్లు పాటను ఒక చోట నాటితే, పల్లవి చివరి పిలుపు దానిని పెకలించి తీసుకుపోయే వీలు కల్పిస్తుంది. నైజాం సర్కారు అన్న చోట మరొక అధికారాన్ని నిలిపినా పాట కూలదు. లయ నిలుస్తుంది, ప్రశ్న నిలుస్తుంది, బండ్ల వరుస నిలుస్తుంది. సమయానికి తగినట్టు పేరు మార్చుకొని పాడటం ఉద్యమ గాన సంప్రదాయంలో పరిపాటి. ఈ పాట అందుకు నిర్మాణంలోనే చోటు ఉంచుకుంది.

4. 1978: జగిత్యాల, సిరిసిల్ల

1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో జరిగిన ‘జైత్రయాత్ర’లో రైతుకూలీలు వేలాదిగా పాల్గొన్నారు. వెట్టి రద్దు, దొరలు ఆక్రమించిన భూముల స్వాధీనం, కూలిరేట్ల పెంపు వంటి డిమాండ్లు అప్పటికే పల్లెల్లో నలుగుతున్నాయి. గడీలకు చాకలి, మంగలి సేవలు నిలిపివేసే సాంఘిక బహిష్కరణ ఆ ఉద్యమంలో ముఖ్యమైన రూపం. అదే సంవత్సరం అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఇందుకు ఆధారమైన చట్టం 1948 నాటిది. అంటే పాట పుట్టిన రోజుల నాటి చట్టం, ముప్ఫై ఏళ్ళ తర్వాత, పాట అవసరమైన మరో చోట అమలయింది.

ఆ చట్టం ఐదుగురు లేదా అంతకు మించి గుమికూడరాదన్న ఉత్తర్వులను ఉల్లంఘించేవారిపై, హెచ్చరిక అనంతరం, ప్రాణనష్టం కలిగినా సరే బలప్రయోగం చేసే అధికారాన్ని పోలీసులకు ఇస్తుంది. ఈ నిబంధనను పాట ప్రదర్శనతో కలిపి చూడవలసి ఉంటుంది. ‘బండెనక బండి కట్టి’ ఏకాంత గానానికి చెందినది కాదు. ఒకరు ఎత్తుకుంటే బృందం అందుకోవాలి. వంత లేనిదే పల్లవికి బలం లేదు. గుంపు లేనిదే ఆ వెటకారపు పిలుపుకు ధైర్యం లేదు. ఐదుగురు కూడరాదన్న చోట ఈ పాటకు చట్టబద్ధమైన ప్రదర్శన రూపం ఉండదు. నిషేధించవలసినది పాటలోని మాటలను కాదు, పాటకు అవసరమైన మనుషుల కూడికను.

ఆ ప్రాంత రైతాంగ ఉద్యమాన్ని వచనంలో నమోదు చేసిన అల్లం రాజయ్య నవల ‘కొలిమంటుకున్నది’ కూడా ఈ కాలానిదే. నవలను ఒకరు ఒక గదిలో కూర్చొని చదువుకోవచ్చు. పాటకు ఆ వెసులుబాటు లేదు. ఒకే ఉద్యమాన్ని రెండు ప్రక్రియలు ఎట్లా మోశాయన్న తులనాత్మక అధ్యయనంలో ఈ తేడా కీలకమైనది.

5. మాభూమి: ధ్వనిముద్రణ ఇచ్చినది

ఇదే సమయంలో ‘మాభూమి’ నిర్మాణం జరిగింది. కృష్ణచందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మించిన ఈ సినిమా 1980 మార్చి 23న విడుదలైంది. రామయ్య అనే యువకుడి జీవితం ద్వారా 1940ల తెలంగాణను చూపిన ఈ సినిమాలో గద్దర్ స్వయంగా తెరపై కనిపించి, బృందంతో కలిసి ఈ పాట పాడారు. అప్పటికి ఆయన జననాట్యమండలి గాయకుడిగా ప్రజల్లో ఉన్నారు. సినిమాకు సంగీతం సమకూర్చినవారిలో జానపద సంగీత సేకర్త, ఆకాశవాణి కళాకారిణి వింజమూరి సీతాదేవి ఒకరు.

ధ్వనిముద్రణ పాటకు మూడు ప్రయోజనాలు సమకూర్చింది. మొదటిది స్థిరత. పోరాట విరమణ జరిగిన 1951 తర్వాత కార్యకర్తల జ్ఞాపకాల్లో, సభల్లో నిలిచిన పాటకు చెరగని రూపం దొరికింది. రెండవది విస్తృతి. సభకు రాని శ్రోత, సభను చూడని తరం కూడా పాటను వినగలిగింది. మూడవది, తక్కువగా చర్చకు వచ్చినది, చట్టబద్ధత. సెన్సార్ ధ్రువపత్రం పొందిన సినిమాలో ఈ పాట గతకాలపు పాటగా వినిపిస్తుంది. అందులోని శత్రువు 1948లోనే అధికారం కోల్పోయిన నైజాం. చరిత్రగా ముద్రపడిన పాటకు వర్తమానంలో అభ్యంతరం చెప్పడం కష్టం. గుంపుగా పాడటం నేరంగా పరిణమించగల తాలూకాలు ఉన్న రాష్ట్రంలోనే, అదే పాటను టికెట్ కొని వందల మంది ఒకే గదిలో కూర్చొని వినడం న్యాయసమ్మతమైంది.

అయితే ఈ చట్టబద్ధతకు మూల్యం ఉంది. నైజాం సర్కారు అన్న సంబోధన స్థిరపడటం వల్లనే పాట చరిత్రగా చెల్లుబాటు అయింది. మార్చుకోవడానికి వీలుగా ఉన్న స్థానం, ముద్రణతో మారని స్థానమైంది. 1978 నాటి జగిత్యాల రైతుకూలీకి నైజాం ఒక జ్ఞాపకం. ఎదురుగా ఉన్నది గడీ, దానికి అండగా ఉన్నది స్వతంత్ర దేశపు పోలీసు శిబిరం. సినిమా శ్రోత నైజాం అని వింటాడు. ఉద్యమ శ్రోత ఆ మాట వెనుక మరొక పేరు వింటాడు. ముద్రణలో మిగిలేది మొదటిది మాత్రమే.

ఇదే సినిమాలోని ‘పల్లెటూరి పిల్లగాడా’ పాటతో పోల్చితే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. సుద్దాల హనుమంతు రచించిన ఆ పాట పశువులు కాసే బాలుడిని సంబోధిస్తుంది. సినిమాలో సంధ్య గొంతులో ఏకాంత గానంగా వినిపిస్తుంది. అక్కడ సంబోధన జాలితో, ప్రశ్నలతో బాలుడి దగ్గరకు చేరుతుంది. ఇక్కడ సంబోధన వెటకారంతో పాలకుడిని దూరంగా తరుముతుంది. ఏకాంత గానం ధ్వనిముద్రణలో పెద్దగా నష్టపోదు, ఒక గొంతు, ఒక చెవి దానికి చాలు. బృందగానం అట్లా కాదు. వినేవాడు వంతపాడేవాడిగా మారే అవకాశం దానికి ప్రాణం. ధ్వనిముద్రణ శ్రోతను శ్రోతగానే నిలిపివేస్తుంది. కనుక ఒకే సినిమా, ఒకే సాంకేతికత రెండు పాటల పట్ల రెండు విధాలుగా పనిచేశాయి.

6. ఒక పాశ్చాత్య ఉదాహరణ

ప్రదర్శన నుంచి ముద్రణకు, ముద్రణ నుంచి హక్కులకు సాగిన ప్రయాణాన్ని అర్థం చేసుకోవడానికి ‘వి షల్ ఓవర్‌కమ్’ చరిత్ర ఉపకరిస్తుంది. ఆఫ్రికన్ అమెరికన్ చర్చి గీతాల సంప్రదాయం నుంచి వచ్చిన ఈ పాటను 1945-46లో దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్ పొగాకు కార్మికులు సమ్మెలో పాడుకున్నారు. చుట్టలు తయారుచేసే మహిళా కార్మికుల నోటి నుంచి ఆ పాట టెన్నెసీలోని హైలాండర్ జానపద పాఠశాలకు, అక్కడి సంగీత నిర్వాహకురాలు జిల్ఫియా హోర్టన్‌కు చేరింది. ఆమె ద్వారా పీట్ సీగర్‌కు, ఆ తర్వాత గై కరావాన్ ద్వారా 1960లో విద్యార్థి ఉద్యమకారులకు అందింది. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్ మహాప్రదర్శనలో జోన్ బేజ్ పాడటంతో ప్రపంచానికి తెలిసింది.

1960లలో ఈ పాటకు హోర్టన్, సీగర్, కరావాన్, ఫ్రాంక్ హామిల్టన్ పేర్ల మీద కాపీరైట్ నమోదైంది. వ్యాపారులు సొంతం చేసుకోకుండా అడ్డుకోవడం, వచ్చే ప్రతిఫలాన్ని ఉద్యమ నిధికి చేర్చడం నమోదు ఉద్దేశమని వారు చెప్పుకున్నారు. అయినా సమ్మెలో పాడిన మహిళల పేర్లు హక్కుల పత్రంలోకి ఎక్కలేదు. 2017లో న్యూయార్క్ న్యాయస్థానం, పాటలో చేసిన ఒకటి రెండు మాటల మార్పు మౌలికత అనిపించుకోదని అభిప్రాయపడింది. 2018 జనవరిలో కుదిరిన పరిష్కారంతో పాట ప్రజల పరమైంది.

ఈ ఉదాహరణ తెలుగు పరిశోధనకు రెండు విషయాలు సూచిస్తుంది. ముద్రణ, నమోదు జరిగినప్పుడు చరిత్ర చివరి గాయకుల చుట్టూ అల్లుకుంటుంది, తొలి గొంతులు పాదసూచికల్లోకి జరుగుతాయి. ఇది ఎవరి దురుద్దేశం వల్లనో జరగదు, మాధ్యమ స్వభావం వల్ల జరుగుతుంది. రెండవది, ఒక మాట మార్పు న్యాయశాస్త్రానికి అల్పమైనది కావచ్చు. పోరాటగీతానికి అదే సర్వస్వం. ‘బండెనక బండి కట్టి’లో సంబోధన స్థానంలోని ఒక్క పేరు మారితే రచన మారదు, కాలం మారుతుంది, శత్రువు మారుతాడు, పాడేవారికి ఎదురయ్యే ప్రమాదం మారుతుంది. కాపీరైట్ కొలబద్దతో ఆ మార్పును తూచలేము.

7. కర్తృత్వం: జానపదం అన్న ముసుగు

ఈ పాట రచయితగా బండి యాదగిరి ప్రసిద్ధుడు. అయినప్పటికీ వాడుకలో ఇది ‘గద్దర్ పాట’గా, లేదా కర్త తెలియని ‘జానపద గేయం’గా ప్రస్తావనకు వస్తుంది. రెండూ సరికాని వర్గీకరణలే. బాణీ, భాష, వంత జానపదానివి అయినంత మాత్రాన పాటకు కర్త లేడనడం న్యాయం కాదు. జానపదం అన్న మాట ఇక్కడ ఒక ప్రక్రియను సూచించవలసింది పోయి, ఒక మనిషిని మరుగుపరుస్తున్నది.

ఈ సందర్భంలో సిరిసిల్ల ప్రాంతానికే చెందిన మరో కవిని గుర్తుచేసుకోవచ్చు. హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి.నారాయణరెడ్డి, 1962లో ‘గులేబకావళి కథ’తో సినీ గేయరచయిత అయ్యారు. సినిమా పాటకు రచయిత, సంగీతకర్త, గాయకుల పేర్లు విడివిడిగా ముద్రించే పద్ధతి ఉంది. అందువల్ల ఘంటసాల పాడినంత మాత్రాన సినారె పాట ఘంటసాల రచన కాలేదు. పరిశ్రమ కోసం రాసిన పాటకు లభించిన ఈ స్పష్టత, పోరాటం కోసం కట్టిన పాటకు లభించలేదు. సుద్దాల హనుమంతు విషయంలో రచయిత పేరు నిలవడానికి ఆయన బుర్రకథ, యక్షగాన రచనల విస్తృతి, కుమారుడు సుద్దాల అశోక్‌తేజ గేయరచయితగా ఆ వారసత్వాన్ని నిలబెట్టడం తోడ్పడ్డాయి. అటువంటి తోడ్పాటు లేని యాదగిరి విషయంలో విమర్శకుల, అధ్యాపకుల బాధ్యత మరింత పెరుగుతుంది.

ఇది గద్దర్ స్థానాన్ని తగ్గించే వాదన కాదు. ఒక తరం మరచిపోగల పాటను మరో తరం నాలుక మీద నిలిపిన గాయకుడు ఆయన. 2023 ఆగస్టు 6న ఆయన మరణించిన తర్వాత రాష్ట్ర ప్రభుత్వం చలనచిత్ర పురస్కారాలకు ఆయన పేరు పెట్టింది. గాయకుడికి అంతటి గౌరవం దక్కిన కాలంలో రచయిత పేరును పక్కన నిలపడం గాయకుడికీ గౌరవమే. పాటకు కర్త ఒకరు, పునఃకర్త మరొకరు. రెండు పేర్లూ చెప్పినప్పుడే పాట చరిత్ర పూర్తవుతుంది.

8. క్యాసెట్ నుంచి క్షేత్రానికి

సినిమా తర్వాత పాటను మోసిన మాధ్యమం క్యాసెట్. భారతదేశంలో క్యాసెట్ విస్తరణను పరిశీలించిన పీటర్ మాన్యుయెల్ 1993లో వెలువరించిన ‘క్యాసెట్ కల్చర్’ గ్రంథంలో, చవకైన ముద్రణ సాంకేతికత పెద్ద కంపెనీల గుత్తాధిపత్యాన్ని సడలించి ప్రాంతీయ, ఉద్యమ సంగీతాలకు చోటు కల్పించిందని నిరూపించారు. ఉత్తర తెలంగాణకు ఈ పరిశీలన రెండు కారణాల వల్ల వర్తిస్తుంది. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు జరిగిన వలసలు టేప్‌రికార్డర్‌ను సామాన్యుల ఇళ్ళకు చేర్చాయి. సిరిసిల్ల నుంచి భివండి, సూరత్ మరమగ్గాలకు వెళ్ళిన పద్మశాలి కార్మికులకు క్యాసెట్ ఊరి గొంతును వెంట తీసుకెళ్ళే సాధనమైంది. ముద్రణ పాటను ఒక చోట గడ్డకట్టిస్తే, ఇంట్లోనే నకలు తీసుకోగల క్యాసెట్ దానిని మళ్ళీ కొంత కదిలించింది.

ఈ ప్రాంతంలో ఈనాటికీ పెద్ద సంఖ్యలో ఉన్న బీడీ కార్మిక మహిళలు పాట అధ్యయనానికి మరో ప్రవేశద్వారం. చేతులు పనిలో ఉండి, నోరు స్వేచ్ఛగా ఉండే వృత్తి ఇది. గుంపుగా కూర్చొని చేసే పని వంతపాటకు అనువైనది. చార్ల్‌స్టన్‌లో ఒక ప్రపంచ ప్రసిద్ధ గీతం పొగాకు కార్మిక స్త్రీల మధ్య నుంచి వచ్చిందన్న విషయం ఇక్కడ గుర్తుంచుకోదగినది. ‘బండెనక బండి కట్టి’ చరణాల్లో కారం నీళ్ళతో మిలిటరీని తరిమిన స్త్రీలు ఉన్నారు. ప్రచారంలో ఉన్న ముద్రణలో మాత్రం ఎత్తుగడ పురుష గొంతుది. స్త్రీలు పాడిన పాఠాలలో ఆ చరణానికి ఏ స్థానం దక్కిందన్నది క్షేత్రపరిశోధనకు విలువైన ప్రశ్న.

అటువంటి పరిశోధనలో సేకర్త నమోదు చేయవలసినవి పాట మాటలు మాత్రమే కావు. ఎవరు ఎత్తుకున్నారు, ఎవరు వంతపాడారు, ఏ సందర్భంలో పాడారు, పాటను ఎవరి నుంచి నేర్చుకున్నారు, సంబోధన స్థానంలో ఏ పేరు నిలిపారు, ఏ ఊర్ల పేర్లు చేర్చారు లేదా విడిచారు అన్న వివరాలు పాఠంలో భాగాలు. గాయకులు సినిమా విని నేర్చుకున్నారా, అంతకు ముందే విన్నారా అన్న తేడాను తప్పనిసరిగా గుర్తించాలి. ఈ తేడా గుర్తించని సేకరణలో, సినిమా పాఠమే తిరిగి తిరిగి లభించి, అదే ప్రాచీనమన్న భ్రమ బలపడుతుంది. 1978లో ఇరవై ఏళ్ళు ఉన్నవారికి ఇప్పుడు అరవై ఐదు దాటాయి. ఈ పనికి మిగిలిన కాలం ఎక్కువ లేదు.

9. ముగింపు

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. ‘బండెనక బండి కట్టి’ పాటలో స్థలనామాలు పాటను నల్లగొండ పోరాటానికి ముడివేయగా, పల్లవి చివరి సంబోధన దానిని ఇతర కాలాలకు, ప్రాంతాలకు ప్రయాణించే శక్తినిచ్చింది.

2. వెట్టి బండ్ల నేపథ్యంలో చదివినప్పుడు పల్లవి, ఆజ్ఞను అవహేళనగా మార్చిన వ్యంగ్యరచనగా కనిపిస్తుంది.

3. 1978 నాటి జగిత్యాల, సిరిసిల్ల నిర్బంధ పరిస్థితిలో బృందగానం అనే ప్రదర్శన రూపమే ప్రమాదకరమైంది. ‘మాభూమి’ ధ్వనిముద్రణ పాటకు స్థిరత, విస్తృతి, చట్టబద్ధత కల్పించింది. ప్రతిగా సంబోధన స్థానాన్ని గతానికి కట్టివేసింది.

4. సినిమా పాఠం విలువైన సాక్ష్యం, కానీ అది అనేక పాఠాలలో ఒకటి. దానిని మూలపాఠంగా గాక, 1979-80 నాటి ప్రదర్శన పాఠంగా పేర్కొనడం శాస్త్రీయం.

5. రచయితగా బండి యాదగిరి పేరును, గాయకుడిగా గద్దర్ పేరును విడివిడిగా పేర్కొనే పద్ధతి పాఠ్యపుస్తకాలలో, సిద్ధాంత గ్రంథాలలో స్థిరపడాలి.

పోరాటగీతం పరిష్కరణలో పాఠాంతరాన్ని దోషంగా లెక్కించే అలవాటు మారవలసి ఉంది. ఒక పేరును తీసి మరొక పేరు నిలిపిన గాయని పాటను చెడగొట్టలేదు, పాట ఆమెకు విడిచిన ఖాళీని నింపింది. ఆ ఖాళీలో ఏ ఊరు ఏ కాలంలో ఎవరి పేరు పలికిందో తెలిసినప్పుడే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల పోరాట చరిత్రలో ఇంకా అక్షరం ఎక్కని భాగం వినిపిస్తుంది.